పాత కీబోర్డుకు 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టవచ్చా?

స్వరపల్లకి:
నాన్నగారి ఎలక్ట్రానిక్ కీబోర్డు పదకొండేళ్లుగా అటక మీదే ఉంది. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. మా అమ్మాయి నేర్చుకుంటానంటే ఇప్పుడు దించాను. అడాప్టర్ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. వెనకవైపు పిన్ను పెట్టే రంధ్రం పక్కన ‘డీసీ 9 వి, 850 ఎంఏ’ అని ఉంది, అంటే 9 వోల్టులు, 850 మిల్లీ ఆంపియర్లు (0.85 ఆంపియర్). దాని కింద చిన్న బొమ్మ: మధ్యలో చుక్క, చుట్టూ తెరిచిన వృత్తం. చుక్కను మైనస్‌కు, వృత్తాన్ని ప్లస్‌కు గీతలతో కలిపారు.

ఇంట్లో మూడు అడాప్టర్లు ఉన్నాయి. రౌటర్‌ది 12 వోల్టులు, 1 ఆంపియర్. స్విచ్చు వేయకుండా దూర్చి చూస్తే పిన్ను చక్కగా కూర్చుంది. పాత కార్డ్‌లెస్ ఫోనుది 9 వోల్టులు, 600 మిల్లీ ఆంపియర్లు, ఇటుకంత బరువు. మూడోది దేనిదో తెలియదు, 9 వోల్టులు, 2 ఆంపియర్లు. 2 ఆంపియర్లంటే కావలసినదానికి రెట్టింపు దాటింది కదా, లోపల కాలిపోదా? కొత్త కీబోర్డు కొనగలను, కానీ ఇది నాన్నగారు వాయించినది.

పాత రేడియో:
స్విచ్చు వేయకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఇలాంటివి ఎన్నో ఏళ్లుగా బాగుచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే కాలిన బోర్డుల్లో చాలావాటికి కారణం ‘పిన్ను సరిపోయింది’ అన్న నమ్మకమే. రౌటర్ అడాప్టర్‌ను పక్కన పెట్టేయండి. 9 వోల్టులు అడిగేదానికి 12 ఇవ్వకూడదు.

ఆంపియర్ల గురించి భయం వద్దు. 2 అంటే ఆ అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం. కీబోర్డు తనకు కావలసినంతే తీసుకుంటుంది. ఇబ్బంది తక్కువైనప్పుడే వస్తుంది. 600 దానితో శబ్దం పెంచగానే వోల్టేజి పడిపోతుంది, అడాప్టర్ వేడెక్కుతుంది. పైగా అంత బరువుందంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వాటిలో కొన్ని ఏసీనే (దిశ మారుతూ ఉండే కరెంటు) బయటికి ఇస్తాయి, మీ కీబోర్డుకు కావలసినది డీసీ (ఒకే దిశలో పారేది). ‘అవుట్‌పుట్’ పక్కన అలలాంటి గీత ఉంటే ఏసీ. నిండు గీత, దాని కింద తెగిన గీత ఉంటే డీసీ.

అసలు ప్రాణం మీరు చెప్పిన ఆ బొమ్మలో ఉంది. ఈ రోజుల్లో ఎక్కువ అడాప్టర్లకు మధ్యలో ప్లస్ ఉంటుంది. మీ కీబోర్డుకు మధ్యలో మైనస్ కావాలి. కొత్తలో ఒకరి గిటార్ పెడల్‌కు ఇది చూడకుండా అడాప్టర్ తగిలించాను. క్షణంలో లోపలి చిప్పు పోయింది. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. మూడో అడాప్టర్ మీద బొమ్మ ఎలా ఉందో చూసి చెప్పండి.

స్వరపల్లకి:
చూశాను. చుక్క ప్లస్‌కే కలిసి ఉంది. అంటే ఇదీ పనికిరాదు. తీగ కత్తిరించి అటూ ఇటూ మార్చి అతికిస్తే?

తీగె:
మార్చవచ్చు. కానీ రేపు ఎవరైనా దాన్ని వేరే పరికరానికి పెడితే, పైనున్న బొమ్మ వారికి అబద్ధం చెబుతుంది. 9 వోల్టులు, 1 ఆంపియర్, మధ్యలో మైనస్ ఉన్నది కొత్తగా కొనడమే నయం. పిన్ను కొలత కూడా చూడండి. బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 సాకెట్‌లోకి 2.5 ప్లగ్గు దూరుతుంది కానీ వదులుగా ఉండి, కదిలినప్పుడల్లా కరెంటు పోతుంది.

మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే పరికరం) ఉంటే, దాని ఎర్ర తీగ అడాప్టర్ పిన్ను రంధ్రం లోపల, నల్లది బయటి లోహానికి ఆనించండి. అంకె ముందు మైనస్ వస్తే మీకు కావలసినది అదే.

పాత రేడియో:
ఒక మాట మరిచాను. కింద బ్యాటరీల అర ఉందా? ఆరు బ్యాటరీలు పట్టేదైతే ఆరు ఒకటిన్నరలు తొమ్మిది, అదే వోల్టేజి. ముందు వాటితో పలుకుతుందో లేదో చూడండి. పాత బ్యాటరీలు కారి ఉంటే స్ప్రింగులు శుభ్రం చేశాకే కొత్తవి వేయండి.

స్వరపల్లకి:
ఆరే పడతాయి. రెండు స్ప్రింగులకు పచ్చటి చిలుము పట్టింది, వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, బాగా ఆరనిచ్చి వేశాను. పలికింది! అమ్మ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. మీరు చెప్పిన రకం అడాప్టర్ కోసం ఆర్డరు పెట్టాను. వచ్చాక దాని తీగకు ‘కీబోర్డుకు మాత్రమే’ అని చీటీ కడతాను. మధ్య స్థాయిలో ఒక నల్ల మెట్టు మాత్రం పలకడం లేదు, దాని గురించి వేరే ప్రశ్న పెడతాను.