మక్కల తెల్ల పూల మల్లె, పీకినా పీకినా వస్తుంది. మీరేం చేస్తున్నరు?

ఎర్రచెలక_45: అన్నలూ నమస్తే. మాది పాలమూరు దిక్కు, రెండెకరాల మక్క, ఏసి 45 రోజులు. వాన మంచిగనే పడ్డది, నేల తడిగనే ఉన్నది, అయినా ఒక మూల ఆకులు చుట్టుకుని నీళ్లు లేనట్టు వాడుతున్నయి. నిన్న వంగి చూస్తె మొదళ్ల కాడ జానెడు కూడా లేని మొక్కలు, సన్న తెల్ల పూలు. మా నాయన చూసి ఇది జొన్నమల్లె, మక్కకు గూడ పట్టిందా అన్నడు. ఏసిన మూడో రోజే అట్రజిన్ గడ్డి మందు కొట్టిన, మరి ఇదెట్ల వచ్చింది?

గోదారి_గట్టు: ఆ జొన్నమల్లెనే స్ట్రైగా అంటారండి, పంట వేరుకి అతుక్కుని దాని రసం పీల్చి బతికే కలుపు. అట్రజిన్ మొదట మొలిచే గడ్డికి పనిచేస్తుంది, ఇది నెల దాకా భూమిలోనే వేరుకి అతుక్కుని ఉంటుంది, బయట కనపడేసరికే సగం నష్టం చేసేసి ఉంటుంది. ఒక మొక్కని మట్టిగడ్డతో సహా తవ్వి బకెట్ నీళ్లలో మెల్లగా కడిగి చూడండి, మొక్కజొన్న వేరు మీద బుడిపెలా ఉబ్బి, దాన్నుంచి తెల్లటి కాడ పైకి వచ్చి ఉంటుంది. నేను ఫోటో తీసి ఇంట్లో చూపిస్తే ఎవరూ నమ్మలేదు 😀

దుబ్బనేల: నేను 2,4-డి గడ్డి మందు కొట్టిన తమ్మి, మల్లె మాడింది గని గాలికి పక్క చేను పత్తి ఆకులు ముడుచుకుపోయినయి, ఆ పంచాయితీ ఇంకా తెగలే. పత్తి దగ్గరుంటే దాని జోలికి పోకు. లీటర్ నీళ్లకు 200 గ్రాముల యూరియా కలిపి మల్లె మీదనే పడేటట్టు కొట్టు, మక్క సుడిల పడితే అది గూడ మాడుతది. పూత రాకముందే పీకుడు అన్నిటికన్న మంచిది.

గోదారి_గట్టు: పీకినవి గట్టు మీద పడేయొద్దు, పెంటకుప్పలో అసలే వేయొద్దు. గింజ దుమ్ము లాగా ఉంటుంది, ఒక్కో మొక్కకి వేలల్లో, అదీ నేలలో పదేళ్లు దాటినా బతికే ఉంటుంది. పశువులు తిన్నా పేడతో మళ్ళీ పొలంలోకే వస్తుంది.

కిసుము_తెలుగోడు: నేను కెన్యాలో ఉంటున్నా, ఇక్కడ మొక్కజొన్నకి దీనంత శత్రువు లేదు. ఇక్కడిది వేరే రకం, నడుము దాకా పెరుగుతుంది, గులాబీ రంగు పూలు, చూడ్డానికి తోటలా ఉంటుంది, దగ్గరికెళ్తే కంకులే లేవు. విక్టోరియా సరస్సు ఒడ్డున మ్బిటాలో మన దేశం నుంచి వచ్చిన సైంటిస్టు జెయావుర్ ఖాన్ వాళ్లు పైకి తెచ్చిన పద్ధతిని ఇక్కడ చాలామంది పాటిస్తున్నారు. సాళ్ల మధ్య డెస్మోడియం అనే చిక్కుడు జాతి మేత మొక్క, చుట్టూ నేపియర్ గడ్డి. డెస్మోడియం వేరు నుంచి వచ్చే రసాయనాల్లో ఒకటి స్ట్రైగా గింజని మొలిపిస్తుంది, ఇంకోటి దాన్ని మక్క వేరు పట్టుకోనివ్వదు. కాండం తొలిచే పురుగేమో నేపియర్ వైపు పోతుంది. పశువులకి మేత కూడా. మొదటి సీజన్ డెస్మోడియం చాలా నెమ్మదిగా లేస్తుంది, దాన్నే గడ్డి పీకినట్టు పీకేసినోళ్లు ఉన్నారు.

ఎర్రచెలక_45: ఆ విత్తనం మా దిక్కు నేనైతే ఎన్నడు చూడలే అన్న. మనకు దొరికేదేంది?

దుబ్బనేల: పత్తి. దాని వేరు వాసనకు మల్లె గింజ మొలుస్తది, పట్టుకోను చోటు దొరక్క చస్తది. బొబ్బర్లు, సోయా గూడ గంతే, సాళ్ల నడుమ ఎయ్యొచ్చు. నేను ఒక్క ఏడు పత్తి ఏసి పీడ పోయిందనుకుని మళ్ల మక్క ఏసిన, మళ్ల తేలింది. రెండు మూడేండ్లు మక్క, జొన్న, సజ్జ, చెరుకు ఏదీ ఎయ్యకుండ ఉండాలె. పెంట దండిగ తోలు, నత్రజని తక్కువున్న చెలకలనే ఇది ఎగబడుతది.

గోదారి_గట్టు: పత్తి మాట నిజమే. అమెరికాలో 1956లో కరోలినా మొక్కజొన్నలో ఇది బయటపడితే, మక్క లేకుండానే గింజ మొలిచి చావాలని భూమిలోకి ఇథిలీన్ గ్యాస్ ఎక్కించారు. మన పత్తి చేసేదీ అదే పని, గ్యాస్ ఖర్చు లేదు అంతే. ఇంతకీ మీ మొక్కలకి కాయలు కట్టాయా?

ఎర్రచెలక_45: పొద్దున మా అమ్మ, నేను పీకినం, ఒకటిన్నర యూరియా సంచి నిండింది. అడుగు పూలు రాలి కొన్నిటికి కాయ కట్టింది, అవన్నీ గుంత తీసి కాలబెట్టిన. వచ్చే వానకాలం పత్తే. ఇంకో సంగతి యాదికొచ్చింది, పోయినేడు మక్క కోసినంక మా చేను దున్నిన కల్టివేటరే తెల్లారి మా చిన్నాయన చేన్లకు పోయింది, కడగలే ఏం లే. ఇప్పుడే ఫోన్ చేసిన, ఆయన చేన్లనే ఉన్నడట, చూసి చెప్తా అన్నడు.