మెథోట్రెక్సేట్ ఆపేసి బయోలాజిక్ ఇంజెక్షన్ ఒక్కటే వాడుతున్నవాళ్లు ఉన్నారా?

దేవరకొండ అక్క: మా అమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తే కీళ్లను దెబ్బతీసే కీళ్లవాతం. దానికి వారానికోసారి వేసే మెథోట్రెక్సేట్ మాత్ర పడటం లేదు. మాత్ర వేసిన మర్నాడంతా వాంతులు, అన్నం వాసనే గిట్టదు. బయోలాజిక్ (జీవకణాలతో తయారుచేసే ఇంజెక్షన్ మందు) మొదలుపెడదామంటున్నారు డాక్టరు. అది ఒక్కటే సరిపోతుందా?

పాలమూరోడు: నాది అడాలిముమాబ్ అనే బయోలాజిక్, 40 మి.గ్రా., రెండు వారాలకోసారి. లివర్ ఎంజైములు పెరిగాయని మధ్యలో మెథోట్రెక్సేట్ ఆపారు. మొదట్లో బాగానే ఉంది, పోనుపోను పొద్దున లేస్తే వేళ్లు బిగుసుకుపోయి చెంబు కూడా పట్టలేకపోయాను. ఒంట్లో యాంటీబాడీలు తయారై మందును పనిచేయనివ్వవట, మెథోట్రెక్సేట్ ఉంటే అవి తక్కువట. రిపోర్టులు మామూలయ్యాక తక్కువ డోసులో మళ్లీ కలిపారు.

మిర్యాలగూడ ఫార్మసీ: బయోలాజిక్‌లన్నీ ఒకటి కాదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, రిటుక్సిమాబ్ మెథోట్రెక్సేట్‌తో కలిపే ఇస్తారు. ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్ విడిగా వాడొచ్చు గానీ జోడీగా ఇంకా బాగా పనిచేస్తాయి. మెథోట్రెక్సేట్ అసలే పడనివాళ్ల మీద చేసిన అడాక్టా ట్రయల్ 2013లో వచ్చింది. అందులో అడాలిముమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్ల కంటే టోసిలిజుమాబ్ అనే ఇంకో బయోలాజిక్ ఒక్కటే తీసుకున్నవాళ్లకు జబ్బు ఎక్కువ తగ్గింది. అయినా అక్కా, ఫోలిక్ యాసిడ్ ఇస్తున్నారా? మాత్ర బదులు మెథోట్రెక్సేట్ ఇంజెక్షనే చేయించి చూశారా? కొందరికి వాంతులు దాంతోనే తగ్గుతాయి. వేలకు వేలు పెట్టేముందు ఇది అడగండి.

దేవరకొండ అక్క: ఫోలిక్ యాసిడ్ ఇస్తున్నాం. ఇంజెక్షన్ ఉంటుందని ఎవరూ చెప్పలేదు!

మర్రిగూడ టీచర్: మా దిక్కు ఎవరికి కీళ్లు నొచ్చినా ఫ్లోరైడ్ నీళ్లే అంటరు. నాకూ అదే అని ఏళ్లు గడిచాయి, హైదరాబాద్‌లో యాంటీ-సీసీపీ అనే రక్తపరీక్ష చేయించాకే ఇది రుమటాయిడ్ అని తేలింది. ఇప్పుడు టోసిలిజుమాబ్ ఒక్కదాని మీదే ఉన్నాను, బాగుంది. చిక్కల్లా ఒకటే: ఇన్‌ఫెక్షన్ వచ్చినా సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) పెరగకపోవచ్చు, జ్వరం కూడా అంతగా కనిపించకపోవచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీకి ఇది తెలియదు. అందుకే దగ్గు వచ్చినా మందు పేరున్న చీటీ ముందు చూపిస్తాను. మొదలుపెట్టకముందే టీబీ, హెపటైటిస్ పరీక్షలు చేయించాలి, అమ్మకు అయ్యాయా?

దేవరకొండ అక్క: టీబీది అయింది, రెండోది అడుగుతాను. ఎండాకాలం కరెంటు పోతే ఇంజెక్షన్లు ఎట్లా?

పాలమూరోడు: ఫ్రిజ్ తలుపు తీయకండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బస్సులో తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్‌కూ సిరంజికీ మధ్య గుడ్డ పెట్టండి, గడ్డకడితే పారేయాల్సిందే.

మిర్యాలగూడ ఫార్మసీ: బయట ఎన్నాళ్లు ఆగుతుందో పెట్టెలోని కాగితంలో ఉంటుంది. కొన్నింటికి 25 డిగ్రీల లోపే అని రాస్తారు. మన నల్లగొండలో మే నెలలో 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయో మరి!