పల్లె కౌంటీలో రెండు పబ్లిక్ (ప్రభుత్వ) స్కూళ్లు: దేన్ని బట్టి ఎంచుకోవాలి?

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల అమెరికాలోనే ఒక పల్లె కౌంటీకి (మన జిల్లా లాంటిది) మారుతున్నాం. పాప మూడో తరగతికి వస్తుంది. అక్కడ ఇల్లు ఏ స్కూల్ పరిధిలో ఉంటే ఆ స్కూలే, అందుకే ముందు స్కూల్ తేల్చుకుని ఆ తర్వాతే ఇల్లు చూద్దామనుకుంటున్నాం.

2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం ప్రకారం ఒక్కో స్కూల్ పనితీరుపై రాష్ట్రం పెట్టే రిపోర్ట్ కార్డులు రాత్రంతా చూశాను. టెస్ట్ ఫలితాలు, ఒక్కో విద్యార్థిపై పెట్టే ఖర్చు అన్నీ ఉన్నాయి. కానీ ఒక స్కూల్లో మూడో తరగతిలో ఉన్నది 20 మందే. ఒక్క పిల్లాడు తప్పినా పాస్ శాతం 5 పాయింట్లు పడిపోతుంది! అలాంటప్పుడు ఒక్క ఏడాది అంకె చూసి బడి మంచిదో కాదో ఎలా చెప్పగలం? కొన్నిచోట్ల పిల్లలు మరీ తక్కువమంది ఉన్నారని ప్రైవసీ కోసం అంకెలే ఇవ్వలేదు.

రెండో స్కూల్ పెద్దదే, కానీ బస్సులో గంట ప్రయాణం. చలికాలం పొద్దున్నే చీకట్లో పాప రోడ్డు పక్కన నిలబడాలంటే ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

పల్లె కౌంటీల్లో పిల్లల్ని చదివించినవాళ్లు దయచేసి చెప్పండి. టీచర్లు అక్కడ ఎన్నేళ్లు ఉంటున్నారో ఎవరిని అడగాలి? స్కూల్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం గమనించాలి? ముందుముందు హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) క్లాసులు లేకపోతే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ (హైస్కూల్లో ఉంటూనే కాలేజీ కోర్సులు చదవడం) ఆ లోటు తీరుస్తుందా?