ఇంటి నుంచి పనిచేసేవారిపై నిఘా సాఫ్ట్‌వేర్: ఆ నివేదికను అందరి ముందూ చూపించవచ్చా?

ప్రశ్న (మాదాపూర్ టీమ్ లీడ్):
ఇంటి నుంచి పనిచేసే రోజుల కోసం మా కంపెనీ ల్యాప్‌టాప్‌లలో ఒక సాఫ్ట్‌వేర్ వేయించింది. కీబోర్డు, మౌస్ ఐదు నిమిషాలు కదలకపోతే అది ఆ సమయాన్ని ఎర్ర రంగులో ‘ఐడిల్’గా నమోదు చేస్తుంది, మధ్యమధ్యలో స్క్రీన్‌షాట్లు కూడా తీస్తుంది. చిక్కు బగ్ ఏదైనా వస్తే కాగితం మీద గీసుకుని ఆలోచించే మా సీనియర్ పేరు ఎదుట ఎరుపే ఎక్కువగా కనిపిస్తోంది. పాత ఫైళ్లను అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేవారికి పచ్చ రంగు పడుతోంది. కొందరు మౌస్‌ను దానంతటదే కదిలేలా చేసే పరికరాలు, అంటే మౌస్ జిగ్లర్లు, కొన్నారని కూడా విన్నాను. ఈ నివేదికను సోమవారం మీటింగ్‌లో అందరి ముందూ పెట్టమని పైవారు అంటున్నారు. పెట్టాలా?

జవాబు (మాజీ బీపీఓ ఉద్యోగి):
వాయిస్ ప్రాసెస్‌లో, అంటే కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే విభాగంలో, పనిచేసినవారికి ఇది కొత్త కాదు. మా ప్రతి కాల్ రికార్డయ్యేది. అయినా దానిపై మాకు పెద్ద అభ్యంతరం ఉండేది కాదు, ఎందుకంటే క్వాలిటీ వారు ఆ కాల్‌ను మాతో కలిసి విని ఎక్కడ తడబడ్డామో చెప్పేవారు. కస్టమర్ మాట మారిస్తే అదే రికార్డింగ్ మమ్మల్ని కాపాడేది. బాత్రూముకు వెళ్లిన నిమిషాలను లెక్కగట్టి ఫ్లోర్‌లో బోర్డు మీద పెట్టినప్పుడే గొడవ మొదలైంది. సగటు కాల్ సమయం తగ్గించాలని ఒత్తిడి పెరిగిన నెలల్లో, సమస్య తీరకుండానే కాల్‌ను వేరే విభాగానికి బదిలీ చేసేవారు. అంకె తగ్గేది, అదే కస్టమర్ మళ్లీ ఫోన్ చేసేవాడు. మీటింగ్‌లో చూపిస్తే మీ దగ్గర జిగ్లర్లు పెరుగుతాయి, అంతే.

జవాబు (చిన్న కంపెనీ యజమాని):
నిఘా అనగానే యజమానిని తప్పుపట్టడం సరికాదు. గంటల లెక్కన బిల్లు కట్టే క్లయింట్ ఆధారం అడుగుతాడు. మా దగ్గర టైమ్‌షీట్లను శుక్రవారం సాయంత్రం గుర్తుతెచ్చుకుని నింపేవారే ఎక్కువ. పోటీ సంస్థలకూ పనిచేస్తూ దొరికిన 300 మందిని తొలగించామని 2022లో విప్రో చైర్మన్ బహిరంగంగానే చెప్పారు.

జవాబు (కార్మిక చట్టాల న్యాయవాది):
అనుమానం ఉన్న ఒకరిద్దరిపై విచారణ జరపడానికీ, అందరినీ నిమిషనిమిషం కొలవడానికీ చాలా తేడా ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాలకూ, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికీ సమ్మతి లేకుండానే డేటాను వాడుకునే వీలిస్తోంది కనుక, ‘నన్ను అడగలేదు’ అనే వాదన ఒక్కదానినే నమ్ముకోలేం. ఫ్రాన్స్‌లో మాత్రం డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్, 2023 డిసెంబరులో అమెజాన్ గిడ్డంగులు నడిపే సంస్థకు 3.2 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఉద్యోగులు సరుకుల మీద వాడే చేతి స్కానర్ ఆగిన సమయాన్ని అంత సూక్ష్మంగా కొలిస్తే ఉద్యోగి ప్రతి విరామానికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుందని అది భావించింది. స్క్రీన్‌షాట్లను ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, అప్రైజల్‌లో వాడతారా అని హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లోనే అడగండి. జవాబు వచ్చేదాకా ఎవరి నివేదిక వారికే చూపించండి. మీ సీనియర్ ఎర్ర గంటల పక్కన ఆయన పరిష్కరించిన బగ్‌ల జాబితా జతచేసి పైకి పంపండి.