క్యాప్ మారిస్తే క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే పాత జర్మన్ గాజు బొమ్మ ఒరిజినల్ కాకుండా పోతుందా?

గాజుపురుగు: అచ్చులో ఊదిన పైన్ కాయ ఒకటి అమ్మకానికి చూశాను. గాజు బొమ్మలకి పేరున్న జర్మనీ ఊరు లౌషా సరుకు, 1900 నాటిది అంటున్నారు. మెడకి తొడిగే రేకు క్యాప్ మీద ‘జర్మనీ’ అని ఉంది కానీ, ఎవరో మార్చినట్టు అనుమానం. తీసుకోవచ్చా?

మంచుతునక: క్యాప్ మారిందంటే వదిలేయండి.

ఊదుగొట్టం: డబ్బు పెట్టేది గాజుకా, రేకుముక్కకా? ‘జర్మనీ’ ముద్ర చెప్పేది ఒక్కటే. అమెరికా 1890 మెకిన్లీ సుంకాల చట్టంతో దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయింది, ఆ ముద్ర అప్పట్నుంచే. ముద్ర లేనంత మాత్రాన అంతకు ముందుదీ కాదు, పేరు పెట్టె మీద వేసినా సరిపోయేది. అచ్చునీ నమ్మలేం, పాత అచ్చులతో ఇప్పటికీ ఊదుతున్నారు. మెడ అంచు, రంగు అరుగుదల, లోపలి వెండి పూత నల్లబడ్డ తీరు, ఈ మూడూ కలిపి చూడాలి. కుగెల్ అనే మందపాటి గాజు గుండ్లయితే ఇంకా తేలిక: పాత జర్మన్ వాటికి మెడ గుండు మట్టానికి కోసేసి ఉంటుంది. ఇండియాలో చేసిన కొత్తవాటికి క్యాప్ కింద మెడ పైకి పొడుచుకొస్తుంది.

చిన్నగంట: దుమ్ము పట్టినదాన్ని తడిగుడ్డతో తుడవచ్చా?

ఊదుగొట్టం: పల్చటి బొమ్మకి నీళ్లు తగలనివ్వకండి. రంగు పైపూతే, గుడ్డకి అంటుకొచ్చేస్తుంది. మెడలోంచి చెమ్మ దిగితే వెండి పొరలుగా లేస్తుంది. మెత్తటి పొడి బ్రష్ చాలు.

మంచుతునక: అసలు మాటకి రండి. ‘వెస్ట్ జర్మనీ’ క్యాప్ ఉన్నదాన్ని లౌషా అని నాకు అంటగట్టారు. 1949 నుంచి 1990 దాకా లౌషా తూర్పు జర్మనీలో ఉంది!

ఊదుగొట్టం: యుద్ధానికి ముందు లౌషాలోనే ఊది ఉండొచ్చు, క్యాప్ పోతే తర్వాత ఇంకోటి పెట్టుంటారు. మీరు క్యాప్ చదివారు, గాజు చూడలేదు.

మంచుతునక: క్లాసు పీకకండి సార్. అమ్మేవాళ్లు కాబట్టి మీకు అన్నీ ‘ఉండొచ్చు’లే.

ఊదుగొట్టం: అమ్ముతాను. క్యాప్ తీసి మెడ ఫొటో పెట్టి, మార్చింది మార్చానని రాసి మరీ అమ్ముతాను. చెట్టుకి వేలాడాల్సిన వస్తువుకి క్యాప్ పెట్టడం నేరమా?

మంచుతునక: పెట్టడం నేరమని ఎవరన్నారు? చెప్పకుండా ఒరిజినల్ రేటు గుంజడం నేరం.

చిన్నగంట: మరి ఇంతసేపూ దేనికి కొట్టుకున్నారండీ?

గాజుపురుగు: మెడ ఫొటో అడిగాను. క్యాప్ తీస్తే పగులుతుందట, తీయరట.

ఊదుగొట్టం: తిప్పితే పగులుతుంది. క్యాప్ కాస్త పైకెత్తి, కింద కనిపించే తీగ కాళ్లు రెండూ దగ్గరికి నొక్కిపట్టి నిటారుగా లాగాలి. మధ్యలో వదిలితే అవి విచ్చుకుని మెడ అంచుని చిట్లగొడతాయి. అయినా మెడ చూపించనివాళ్ల దగ్గర కొనకండి.

మంచుతునక: వదిలేయమని నేను మొదటే చెప్పా.