అప్‌డేట్: రెండు చోట్ల రెండు హెచ్-ఇండెక్స్‌లు, కారణం దొరికింది

హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకు ముఖ్యమైన భాగం) మీద నా పేపర్లకు గూగుల్ స్కాలర్‌లో ఒక హెచ్-ఇండెక్స్ (ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు, అంటే వేరే రచనల్లో ప్రస్తావనలు, వచ్చాయో చెప్పే సంఖ్య), ఇంకో డేటాబేస్‌లో బాగా తక్కువ ఎందుకు చూపిస్తోందని అడిగాను కదా, తేలింది. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

"ప్రొఫైల్ రెండుగా చీలిందేమో చూడండి" అన్న సలహాయే పనిచేసింది. ఆ రెండో డేటాబేస్‌లో నా పూర్తి పేరుతో వచ్చిన పేపర్లు ఒక ప్రొఫైల్‌లో, పొడి అక్షరాలతో వచ్చినవి ఇంకో దాంట్లో పడ్డాయి. మా లైబ్రేరియన్ ఓపిగ్గా ఒక్కో డీఓఐ (పేపర్‌కుండే శాశ్వత గుర్తింపు కోడ్) సరిచూసి, అన్నిటినీ నా 16 అంకెల ఆర్కిడ్ ఐడీకి (పరిశోధకులను గుర్తించే నంబర్) జతచేయించి, రెండు ప్రొఫైళ్లూ కలపమని రిక్వెస్ట్ పెట్టించారు. ఇప్పుడన్నీ ఒకేచోట ఉన్నాయి.

ఇంకా కొంచెం తేడా ఉంది, అది ఉండేదే. స్కాలర్ ప్రీప్రింట్లు (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టే పేపర్లు), థీసిస్‌లలోని సైటేషన్లనూ లెక్కేస్తుంది. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కీ (జర్నల్‌లోని పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క), సెల్ఫ్ సైటేషన్లకీ (మన పేపర్లను మనమే ప్రస్తావించుకోవడం) నా సమస్యతో సంబంధమే లేదు. దరఖాస్తుల్లో హెచ్-ఇండెక్స్ రాసేటప్పుడు డేటాబేస్ పేరు, చూసిన తేదీ కూడా పెట్టండి.