అప్‌డేట్: పాత టికెట్ కోర్టు రికార్డు దొరికింది

టెక్సాస్‌లో నా పాత స్పీడింగ్ టికెట్ రికార్డు ఎక్కడ వెతకాలని పోయిన నెల అడిగాను కదా (సిటిజన్‌షిప్ అప్లికేషన్ కోసం), మొత్తానికి దొరికింది. మొదట పేసర్‌లో (PACER, అమెరికా ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ రికార్డుల సైట్) వెతకడమే నా తెలివితక్కువతనం. అందులో ఉండేవి ఫెడరల్ కేసులే. కౌంటీ డిస్ట్రిక్ట్ క్లర్క్ (జిల్లా కోర్టు రికార్డులు చూసే ఆఫీసు) దగ్గరా లేదు. సిటీ పోలీసు రాస్తే ఆ టికెట్ మునిసిపల్ కోర్టుకు వెళ్తుంది, స్టేట్ ట్రూపర్ (రాష్ట్ర హైవే పోలీసు) రాస్తే కౌంటీలోని జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టుకు (చిన్న కేసులు చూసే కోర్టు). నాది ట్రూపర్ రాసిందే.

ఆ కోర్టు సైట్‌లో పేరు కొడితే ఏమీ రాలేదు. ఒకటే టెన్షన్! తీరా చూస్తే నా ఇంటిపేరును మొదటి పేరుగా ఎక్కించారు. తిప్పి కొట్టగానే వచ్చేసింది. కౌంటర్‌కి వెళ్లి సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో కోర్టు ధృవీకరించి ఇచ్చే కాగితం) తీసుకున్నాను, సీలు, క్లర్క్ సంతకంతో. పేరు తిరగేసి చూడమన్న అన్నయ్యకు చాలా థ్యాంక్స్.